కెమెరా సామానుకి హార్డ్ కేస్ కొనాలా? మోసుకెళ్లడానికీ ఇంట్లో దాచడానికీ ఒక్కటే సరిపోతుందా?

పిట్టలవెంట:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఏమీ రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

నా దగ్గరున్నవి: ఒక ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ, 24-70, 70-200 ఎఫ్ 2.8, 105 మ్యాక్రో, మా నాన్నగారు వాడిన పాత 50 ఎం.ఎం. అని నాలుగు లెన్సులు, ఒక ఫ్లాష్, మూడు బ్యాటరీలు, చార్జరు, నాలుగైదు ఫిల్టర్లు. ఫొటోగ్రఫీ నాకు పిచ్చి మాత్రమే, జీతం వేరే చోట వస్తుంది. నెలకి రెండుసార్లు తెల్లవారకముందే బైక్ మీద పిట్టల కోసం పోతాను. మధ్యలో పది పదిహేను రోజులు కెమెరా ముట్టను.

పోయిన నెల బ్యాగుని వెనక సీటుకి తాడుతో కట్టాను. చీకట్లో ఒక గుంతలో పడి లేచాను. కాసేపటికి అద్దంలో చూస్తే బ్యాగు లేదు. గుండె జారిపోయింది. వెనక్కి తిప్పుకుని వెళ్తే రోడ్డు పక్కన బోర్లా పడి ఉంది. జిప్ ఊడలేదు, బట్ట చిరగలేదు, హమ్మయ్య అనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే 70-200 బాడీ దగ్గర సన్నగా ఊగుతోంది. గోడకి న్యూస్‌పేపరు అంటించి ఫొటో తీశాను. ఎడమ పక్క అక్షరాలు కత్తిలా ఉన్నాయి, కుడి పక్క అలుక్కుపోయాయి. లెన్సుని బాడీకి తగిలించి, విడదీయకుండా అలాగే బ్యాగులో పెట్టాను మరి. తిట్టేవాళ్లు తిట్టండి, ఇంట్లో ఇప్పటికే ఒక రౌండ్ అయింది.

అది చూస్తూ మిగతావి కూడా బయటికి తీశాను. 50 ఎం.ఎం. వెనక నుంచి టార్చి కొడితే లోపల సాలెగూడు అల్లినట్టు సన్నటి దారాలు. బూజు. రెండేళ్లుగా అదే బ్యాగులో, అడుగు అరలో, ముట్టుకోకుండా పడి ఉంది.

మా ఆఫీసులో ఒకాయన "పెలికన్ లాంటి హార్డ్ కేస్ కొని పడెయ్, నీళ్లలో వేసినా చుక్క లోపలికి పోదు, పడినా ఏం కాదు, బూజూ పట్టదు" అన్నారు. నాకూ అదే నచ్చింది. ఒకే పెట్టె, రోడ్డు మీదా అదే, ఇంట్లోనూ అదే. కానీ చూడటం మొదలుపెట్టాక టెన్షన్ పెరిగింది. గళ్లగళ్లుగా పీక్కునే ఫోమ్ అంటారు, లోపల అరలు చేసుకునే డివైడర్లు అంటారు, వాల్వ్ అంటారు, ఐపీ 67 అంటారు. ఏది తీసుకోవాలి? ఏం చూసి తీసుకోవాలి?

మూడుకాళ్ళు:

ముందు తూకం. హార్డ్ కేస్ ఫొటోలు చూసి ముచ్చటపడి కొన్నవాళ్లలో నేనొకణ్ణి, అందుకే చెప్తున్నాను. పెలికన్ 1510 అని చాలామంది కొనేది ఖాళీగానే 5 కిలోల పైమాట. మీ సామాను ఇంకో నాలుగైదు కిలోలు ఉంటుంది. దానికి చక్రాలుంటాయి నిజమే, పొలం గట్టు మీద చక్రాలతో ఏం చేస్తారు? పిట్ట చెట్టు మారినప్పుడల్లా పెట్టె ఎత్తుకుని పరిగెత్తలేరు. పైగా పెట్టె కింద పెట్టి, గొళ్లేలు టపటపా తీసి, మూత పైకెత్తి లెన్సు తీసేలోపు పిట్ట ఎగిరిపోయి గుడ్లు కూడా పెట్టేస్తుంది.

ఇంకోటి. ఆ నల్ల పెట్టె చూడగానే లోపల ఖరీదైనది ఉందని ఎవరికైనా తెలిసిపోతుంది. నేనైతే మామూలు బ్యాగుకే ఓటేస్తాను. తాడుకి బదులు మంచి బెల్టులు కొనుక్కోండి, అంతే.

స్క్రూడ్రైవర్:

పిట్టలవెంట గారూ, నేను లెన్సులు, కెమెరాలు రిపేరు చేస్తాను. ఇరవై ఏళ్లు దాటింది. పెట్టెల గురించి నాకు తెలిసిందంతా వాటి లోపల నుంచి పాడై వచ్చిన వాటిని చూసి తెలుసుకున్నదే. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకోండి.

మీకు జరిగినవి రెండు వేరువేరు ప్రమాదాలు. ఒకటి దెబ్బ, రెండోది చెమ్మ. మీరు రెంటికీ ఒకే మందు వెతుకుతున్నారు. దెబ్బకి మంచిదైన పెట్టె చెమ్మకి చెడ్డది కావచ్చు. మీ ఆఫీసు ఆయన చెప్పినదాంట్లో మొదటి రెండు ముక్కలూ దాదాపు నిజం, మూడోది మాత్రం కాదు.

దెబ్బ సంగతి ముందు. గట్టి పెట్టె దెబ్బని పీల్చుకోదు. ఒక్క చోట తగిలిన దెబ్బని అంతటా పరుస్తుంది, పైన పడ్డ బరువుకి నలగకుండా ఆపుతుంది. దెబ్బని మెత్తబరిచేది లోపలున్న ఫోమ్. లెన్సు టక్కున ఆగకుండా ఒకటి రెండు సెంటీమీటర్లు అణుగుతూ ఆగాలి, ఫోమ్ పని అదే. మరీ మెత్తనిదైతే బరువైన లెన్సు అడుగుదాకా దిగిపోయి ప్లాస్టిక్‌కి గుద్దుకుంటుంది. మరీ గట్టిదైతే అణగనే అణగదు, అదీ చెక్క ముక్కతో సమానమే. చూపుడు వేలితో గట్టిగా నొక్కండి. వేలు కష్టపడి సగం దాకా దిగి, తీసెయ్యగానే ఫోమ్ తిరిగి పైకి లేస్తే అది బావున్నట్టు. పడిపోయి నా దగ్గరికొచ్చిన హార్డ్ కేసుల్లో ఎక్కువ వాటికి పైన గీత తప్ప ఏమీ ఉండదు. లోపల అర వదులుగా ఉండి, లెన్సు గిలక్కాయలా కొట్టుకుని ఉంటుంది. పెట్టె మూసి రెండు చేతులతో ఊపండి. ఏ చిన్న చప్పుడు వచ్చినా అది సరిగ్గా సర్దినట్టు కాదు.

లెన్సు తగిలించి పెట్టినందుకు నేను తిట్టను, అందరూ చేసేదే. కాకపోతే ఏం జరిగిందో తెలుసుకోండి. 70-200 కిలో, కిలోన్నర మధ్య బరువుండే పొడుగాటి కడ్డీ. బాడీ ఒక చోట ఇరుక్కుని ఉంటే, ఆ కడ్డీ పడ్డ ఊపంతా మౌంటు, అంటే లెన్సు బాడీకి తగిలే చోటు, దగ్గరున్న నాలుగైదు చిన్న స్క్రూల మీద పడుతుంది. గునపంతో రాయి లేపినట్టే. విడదీసి పెట్టి ఉంటే అదే బ్యాగులో, అదే గుంతలో, మీకు బహుశా ఏమీ అయ్యేది కాదు. అంటే బ్యాగు చెడ్డదనడానికి ఈ ఒక్క ప్రమాదం చాలదు.

ఇప్పుడు చెమ్మ. నన్నడిగితే అసలు గొడవ ఇక్కడే.

ఐపీ 67లో 6 అంటే దుమ్ము అసలు పోదని, 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పాడయ్యేంత నీళ్లు లోపలికి పోవని. చాలా మంచిదే. బయటి నీళ్లు లోపలికి పోవంటే, లోపలి తేమ కూడా బయటికి పోదనేగా. మీరు తెల్లవారుజామున మంచులో రెండు గంటలు కూర్చుంటారు. లెన్సు హుడ్ తడి, స్ట్రాప్ తడి, మీ చేతి చెమట గ్రిప్ మీద. ఇంటికొచ్చి అలసిపోయి అన్నీ పెట్టెలో పెట్టి గొళ్లేలు వేసి పడుకుంటారు. ఆ తడి పదిహేను రోజులు ఆ చీకట్లోనే ఉంటుంది. బూజుకి ఇంతకంటే ఏం కావాలి? చీకటి, చెమ్మ, కదలని గాలి.

ఒకసారి ఒకాయన మంచి కంపెనీ పెట్టె తెచ్చాడు. ఎనిమిది నెలలు తెరవలేదట. నా బల్ల మీద పెట్టి మూత తీస్తే వాన నీళ్లు పీల్చిన గోనెసంచి వాసన కొట్టింది. లోపల మూడు లెన్సులు, మూడింటికీ బూజు. ఆయన దగ్గరే ఇంకో లెన్సు, పట్టించుకోకుండా పుస్తకాల అరలో బయట పెట్టేసినది, అద్దంలా ఉంది! ఆయన పెట్టెని తిట్టుకున్నాడు. పెట్టె దాని పని అది చేసింది, లోపల పెట్టిన తడిని బయటికి పోనివ్వలేదు.

వాల్వ్ ఉంది కదా అంటారు. ఆ వాల్వ్ గాలి ఒత్తిడి సమం చెయ్యడానికి. నీటి చుక్కని ఆపి గాలిని మెల్లగా పోనిస్తుంది. అది లేకపోతే కొండ దిగాకో, విమానం దిగాకో మూత పీల్చుకుపోయి తెరుచుకోదు. పెట్టెని ఆరబెట్టే పని దానికి చేతకాదు.

ఫోమ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గళ్లుగా పీక్కునే ఫోమ్ ఎక్కువగా పాలీయురెథేన్, స్పాంజి జాతి. చెమ్మ పీలుస్తుంది, పట్టి ఉంచుతుంది. ఏళ్లు గడిచాక అదే తేమకి తనే కరిగి, జిగటగా నల్లటి పొడి రాలుతుంది. ఆ పొడి జూమ్ రింగులోకి దూరితే విప్పి ఒక్కో గింజా ఏరాలి. కొత్తగా కొనేటప్పుడు పాలీఎథిలీన్ ఫోమ్ దొరికితే అది తీసుకోండి. మూసుకున్న గదులు ఉంటాయి దానికి, నీళ్లు తాగదు. ఇంకా మెత్తని బట్ట డివైడర్లయితే ఎండలో పెట్టి ఆరబెట్టుకోవచ్చు.

ఇంట్లో దాచడానికి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. 60 దాటి వారాల తరబడి ఉంటే బూజుకి దారి దొరికినట్టే. అలాగని 30 కిందికి దించి ఏళ్లు ఉంచకండి, గ్రీజూ రబ్బరూ ఎండుతాయి. తేమ శాతం చూపించే చిన్న డిజిటల్ హైగ్రోమీటరు ఒకటి లోపల పడెయ్యండి. అది సరిగ్గా చూపిస్తుందో లేదో కూడా చూసుకోవచ్చు. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు చుక్కలు చుక్కలుగా కలపండి. దాన్నీ మీటర్నీ గాలి పోని కవర్లో కలిపి ఒక రాత్రి ఉంచండి. మామూలు గది వేడిలో 75 చూపించాలి. ఎంత తేడా వస్తే అంత గుర్తుపెట్టుకుని కలుపుకోండి.

చెమ్మ పీల్చే గింజలు, అదే సిలికా జెల్, రంగు మారేది తీసుకోండి. నీలం నుంచి గులాబీకి మారేదాంట్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు, పిల్లలున్న ఇంట్లో వద్దు. నారింజ నుంచి ఆకుపచ్చకి మారేది మేలు. రంగు మారినా అలాగే వదిలేస్తే అది ఉత్త గులకరాళ్ల సంచి. రంగు మారగానే ప్యాకెట్ మీద రాసిన వేడిలో ఆరబెట్టి మళ్లీ పెట్టాలి. ఆ పని నాకు గుర్తుండదు అనుకుంటే తేమని తనే అదుపులో ఉంచే కరెంటు బీరువా, డ్రై క్యాబినెట్ అంటారు, అది కొనుక్కోవడమే.

పెట్టె ఎంచేటప్పుడు మూత చుట్టూ ఉన్న రబ్బరు రింగు కూడా చూడండి. కాగితం ముక్క మూత మధ్యలో పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చిందంటే అక్కడ రింగు పట్టు లేదు. నాలుగు వైపులా చూడాలి. వాడేటప్పుడు ఆ రింగు మీద ఒక వెంట్రుక, నాలుగు ఇసుక రేణువులు ఉన్నా చాలు, పెట్టె మీద రాసిన 67కి అర్థం లేదు.

పిట్టలవెంట:

స్క్రూడ్రైవర్ గారూ, ఇంత రాస్తారనుకోలేదు. చాలా థ్యాంక్స్. గునపం మాటకి మా ఇంట్లో నవ్వులు. ఇప్పుడు నేనే కడ్డీని.

మూడుకాళ్ళు గారూ, మీరు చెప్పిన బరువు ఇప్పుడే తూచి చూశాను. అన్నీ కలిపి 4.6 కిలోలు. దానికి ఇంకో అయిదు కిలోల పెట్టె అంటే నా నడుముకి కూడా కేస్ కొనాలి.

ఒక అనుమానం. బూజు పట్టిన 50 మిగతావాటికి అంటిస్తుందా? రెండేళ్లు వాటి పక్కనే ఉంది.

స్క్రూడ్రైవర్:

పేనులా ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎగిరి దూకదు. బూజు విత్తనాలు గాలిలో ఎక్కడైనా ఉంటాయి, మీ కొత్త లెన్సు మీద కూడా ఇప్పుడే ఉన్నాయి. చెమ్మ దొరికితేనే మొలుస్తాయి. అయినా విడిగా పెట్టండి. ఆ బ్యాగు అడుగు అరని జిప్ తెరిచి రెండు రోజులు ఎండలో పెట్టండి. మిగతా మూడింటినీ చీకటి గదిలో టార్చి ఒక వైపు పెట్టి, ఇంకో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. టార్చి వెలుతురు సూటిగా కంట్లోకి రాకూడదు. దుమ్ము చుక్కలు కనిపిస్తాయి, వాటికి కంగారు పడకండి. కొమ్మలు వేసినట్టు కనిపిస్తేనే నాలాంటి వాడి దగ్గరికి తీసుకెళ్లండి. త్వరగా తెస్తే తుడిస్తే పోతుంది. ఆలస్యమైతే అది వదిలే ఆమ్లం పైపూతని తినేస్తుంది, ఆ గుర్తు ఎవరూ తీయలేరు.

సగంసామాను:

విమానాల్లో తిరిగేవాళ్ల తరఫున నాలుగు మాటలు.

నేను పీక్కునే ఫోమ్‌తో చేతులు కాల్చుకున్నాను. ఉత్సాహంగా లెన్సు పెట్టి చుట్టూ గీసి గీసిన మేరకు పీకేశాను. వదులైపోయింది. పీకిన ముక్క తిరిగి పెడితే నిలవదు, జిగురు పెట్టాల్సిందే. గీత కన్నా ఒక వరస తక్కువ పీకండి, లెన్సు కాస్త ఒత్తుకుని కూర్చోవాలి. రెండు అరల మధ్య గోడ ఒక్క వరసే మిగిలితే నెల తిరక్కుండా చిరుగుతుంది, కనీసం రెండు వరసలు ఉంచండి. ఇంత కష్టపడ్డాక ఆరు నెలలకి బాడీ మార్చాను, ఫోమ్ అంతా వృథా. ఇప్పుడు డివైడర్లే వాడుతున్నాను.

పెట్టె కొలత చూసేటప్పుడు బయటి కొలత, లోపలి కొలత రెండూ చూడండి. 1510 బయట 55.9 సెంటీమీటర్లు. కొన్ని విమానాల్లో చేతి సామానుకి 55 అని గీత గీసి కూర్చుంటారు. బరువు పరిమితి 7 కిలోలున్న చోట ఖాళీ పెట్టే 5 దాటితే ఇంక కెమెరా ఎక్కడ పెడతారు? అందుకే పెలికన్‌లోనే ఎయిర్ అని తేలికది వేరే చేశారు, దాన్లో 1535 చూడండి. నానుక్, ఎస్‌కేబీ, హెచ్‌పీఆర్‌సీ కంపెనీల పెట్టెలు కూడా మంచివే. ఏదైనా ఖాళీ బరువే ముందు చదవండి.

విడి బ్యాటరీలు ఎప్పుడూ మీతోపాటు క్యాబిన్‌లోకే, చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. 100 వాట్ అవర్ల లోపువాటికి అనుమతి అక్కర్లేదు, కెమెరా బ్యాటరీ 16 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి భయం లేదు. కొనల మీద ప్లాస్టిక్ మూతలు ఉంచండి. జేబులో తాళాలతో కలిపి వేశారో, వేడెక్కి మీరే గెంతుతారు.

వాల్వ్ చేత్తో తిప్పే రకమైతే దిగాక ముందు దాన్ని తిప్పాలి. ఒకసారి హోటల్ గదిలో అరగంట మూతతో కుస్తీ పట్టి, చివరికి అక్కడున్న కుర్రాడు వచ్చి ఆ మర తిప్పితే "బుస్" మని తెరుచుకుంది. ఆ రోజు నా పరువు కూడా అలాగే పోయింది.

మూడుకాళ్ళు:

స్క్రూడ్రైవర్ గారి మాట విన్నాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. భుజానికి బ్యాగే. కానీ బైక్ వెనక సీటు మీద మాత్రం బ్యాగు కన్నా గట్టి పెట్టె మేలు, ఎందుకంటే బెల్టు బిగించి కట్టచ్చు. మెత్తటి బ్యాగుని బిగిస్తే లోపల లెన్సు మీద నొక్కుకుంటుంది, వదిలేస్తే జారుతుంది. మీ బ్యాగు జారింది అందుకే అయ్యుంటుంది.

పిట్టలవెంట:

మూడు వారాల తర్వాత వస్తున్నాను, చెప్పకుండా మాయమైపోతే బావుండదని.

పెద్ద పెట్టె ఆలోచన మానుకున్నాను. ముందు అట్టపెట్టెని కోసి, నేననుకున్న కేస్ లోపలి కొలతకి తయారుచేసి సామాను సర్దాను. 24-70 నిలబెడితే మూత పడలేదు, పడుకోబెడితే ఫ్లాష్‌కి చోటు లేదు. అట్ట మీద డబ్బు పోలేదు కాబట్టి సంతోషం. మూడో కొలతకి అన్నీ కుదిరాయి, అదే కొన్నాను. డివైడర్లున్న మధ్య సైజు హార్డ్ కేస్, బైక్ మీదకి మాత్రమే. రెండు బెల్టులతో సీటుకి కట్టి, ఊపి చూసి, చప్పుడు లేకుండా రెండుసార్లు వెళ్లొచ్చాను. అక్కడికి చేరాక కావలసిన రెండు లెన్సులు పాత బ్యాగులోకి మార్చుకుని నడుస్తున్నాను.

ఇంట్లో వేరే డబ్బా. గాలి పోని మూత, నారింజ సిలికా జెల్, మీటరు. ఉప్పు పరీక్ష చేశాను, 75 చూపించాల్సింది 68 చూపించింది. అంటే అది 45 అంటే నేను 52 అనుకోవాలి. మూత మీద మార్కర్‌తో "7 కలుపు" అని రాసి పెట్టాను. బయటి నుంచి రాగానే అన్నీ బల్ల మీద పరిచి రాత్రంతా వదిలేస్తున్నాను, పొద్దున్న డబ్బాలోకి.

70-200 రిపేరు నుంచి వచ్చేసింది, మళ్లీ న్యూస్‌పేపరు ఫొటో తీశాను, రెండు పక్కలా చదవగలుగుతున్నాను. 50 కూడా శుభ్రం చేయించాను, అంచు దగ్గర చిన్న మరక మిగిలింది.

చివరిగా ఒకటి. స్ట్రాప్ కెమెరాకి అలాగే ఉంచి డబ్బాలో పెట్టచ్చా? విప్పి తగిలించడం విసుగ్గా ఉంది.

స్క్రూడ్రైవర్:

విప్పండి. కెమెరా రాత్రికి ఆరుతుంది, మెడ దగ్గర మెత్త ఉన్న స్ట్రాప్ ఆరదు. చెమట ముందు దాన్లోకే దిగుతుంది. కావాలంటే పొద్దున్న ఆ మెత్తని మీ చెంపకి ఆనించి చూడండి. విప్పే ఓపిక లేకపోతే చిన్న క్లిప్పులతో ఊడివచ్చే రకం దొరుకుతుంది, అది కొనుక్కోండి. స్ట్రాప్ మాత్రం తలుపు వెనక మేకుకి తగిలించండి.